భానుమతి: గొంతూ పంతమూ

భానుమతీ రామకృష్ణ గాయని, నటి, దర్శకురాలు, నిర్మాత, సంగీత దర్శకురాలు, స్టూడియో యజమానురాలు, కథా రచయిత్రి. 1939లో వచ్చిన ‘వరవిక్రయం’ నుంచి 1998 నాటి ‘పెళ్లికానుక’ దాకా ఆరు దశాబ్దాల పాటు ఆమె తెరమీద కనిపించారు, వినిపించారు. ఇంత సుదీర్ఘమైన వృత్తి జీవితంలో తగాదాలు లేకుండా ఉండవు గానీ, భానుమతి తగాదాల తీరు వేరు. డబ్బు కోసమో వేషం కోసమో ఆమె పేచీ పెట్టుకున్న సందర్భాలు పెద్దగా వినిపించవు. ఎవరి మాట చెల్లాలన్న దగ్గరే ఆమెకు పడేది కాదు. ఆమెను గర్విష్ఠి అన్నవాళ్లూ ఉన్నారు, ఆత్మగౌరవం కల మనిషి అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఉదాహరణగా చెప్పేది తరచుగా ఒకే సంఘటన.

ఆమె 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. పుట్టింటి పేరు బొమ్మరాజు. తండ్రి వెంకట సుబ్బయ్యకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. కూతురికి తొలి గురువు ఆయనే. ఆ రోజుల్లో పరువుగల కుటుంబాల్లో ఆడపిల్లకు పాట నేర్పించడమే ఎక్కువ, సినిమాకు పంపడమన్నది ఊహకందని మాట. కానీ దర్శకుడు సి. పుల్లయ్య ‘వరవిక్రయం’ కోసం కొత్త ముఖాలను వెతుకుతున్నప్పుడు పదమూడేళ్ల భానుమతి గొంతు ఆయన చెవిన పడింది. తండ్రి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. తెరమీద మగవాడెవరూ అమ్మాయిని తాకకూడదు, కౌగిలింతల జోలికి పోకూడదు. ఆ షరతు తర్వాత్తర్వాత ఆమె సొంత నియమంగా మారింది. హీరోలు తనకు దూరంగా నిలబడి ప్రేమించాల్సిందేనన్న పేరు ఆమెను చివరిదాకా వదల్లేదు.

‘వరవిక్రయం’ కాళ్లకూరి నారాయణరావు నాటకానికి సినిమా రూపం. కట్నం ఇచ్చి వరుణ్ణి కొనుక్కునే ఆచారం మీద రాసిన నాటకమది. అందులో కాళింది తన పెళ్లి కోసం ఇల్లు అప్పులపాలవడం చూడలేక ప్రాణం తీసుకుంటుంది. ఆ కాళింది భానుమతి. చిత్రం తయారైంది కలకత్తాలో, ఈస్టిండియా ఫిలిం కంపెనీలో. తొలి రోజుల్లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ సినిమా తీయాలంటే తరచుగా కలకత్తా వెళ్లేవారు. 1936 నాటి తొలి ఒడియా టాకీ ‘సీతా బిబాహ’ కూడా అక్కడ తీసిందే. తెలుగు సినిమా కొద్దికాలానికే మద్రాసుకు మకాం మార్చింది, భానుమతి కుటుంబమూ దానితోపాటు అక్కడికే చేరింది.

తర్వాత ‘మాలతీ మాధవం’, ‘ధర్మపత్ని’, ‘భక్తిమాల’ వచ్చాయి. 1943 నాటి ‘కృష్ణప్రేమ’ ఆమె బతుకుదారిని మార్చింది. ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేసిన పాలువాయి రామకృష్ణారావును ఆమె ఇష్టపడ్డారు. తండ్రికి ఆ సంబంధం నచ్చలేదు. ఆడపిల్ల తండ్రిమాట దాటడమే నేరమైన కాలంలో, పైగా ఆస్తిపాస్తులు లేని సహాయ దర్శకుడితో, ఆమె 1943 ఆగస్ట్ 8న పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకోవాలన్నది ఆమె ఉద్దేశం. అలా జరగకుండా చేసింది వాహినీ అధినేత బి.ఎన్. రెడ్డి. ‘స్వర్గసీమ’లో ఒక పాత్ర ఆమె తప్ప ఎవరూ చేయలేరని భార్యాభర్తలిద్దర్నీ ఆయన ఒప్పించారు.

1945లో వచ్చిన ‘స్వర్గసీమ’ భానుమతి అసలు ఆరంభం. వీధుల్లో ఆడిపాడే సుబ్బి అనే అమ్మాయి ఒక పత్రికా సంపాదకుడి కంట పడుతుంది. ఆయన పట్నం తీసుకొచ్చి నాటకరంగంలో నిలబెడతాడు. సుబ్బి కాస్తా సుజాతాదేవి అవుతుంది. చివరికి ఆ సంపాదకుడే పెళ్లాన్నీ పిల్లల్నీ వదిలి ఆమె చుట్టూ తిరుగుతాడు. సంపాదకుడిగా చిత్తూరు నాగయ్య, భార్యగా బి. జయమ్మ నటించారు. సుజాత అమాయకురాలు కాదు, పూర్తిగా దుర్మార్గురాలూ కాదు. తన విలువ తనకు తెలిసిన ఆడమనిషి. ఇరవై ఏళ్లయినా నిండని భానుమతి ఆ పాత్రను నవ్వుతో, ఓరచూపుతో, అన్నిటికంటే ముఖ్యంగా గొంతుతో నిలబెట్టారు. అందులో పావురాన్ని పిలుస్తూ ఆమె పాడిన పాట హాలీవుడ్ సినిమా ‘బ్లడ్ అండ్ శాండ్’లో రీటా హేవర్త్ మీద తీసిన కూనిరాగం ప్రేరణతో పుట్టింది. బాలాంత్రపు రజనీకాంతరావు దాన్ని తెలుగు చేశారు. పాశ్చాత్యపు ఒయ్యారంతో మొదలై కర్ణాటక గమకంలోకి జారే ఆ గొంతును జనం అంతకుముందు విని ఉండలేదు. నేపథ్య గాయకుడిగా ఘంటసాల తొలిసారి గొంతు కలిపింది కూడా ఈ సినిమాలోనే, భానుమతితోనే. ‘స్వర్గసీమ’ రచయిత తెనాలి నుంచి వచ్చిన చక్రపాణి. పదేళ్ల తర్వాత ఈ పేరు మళ్లీ వస్తుంది.

పాడేవాళ్లే నటించడం తెలుగు టాకీ మొదటి రోజుల్లో మామూలు సంగతి. నటించేటప్పుడే మైకు ముందు పాడాలి కనుక పాట రానివాళ్లకు వేషమే లేదు. నాగయ్య, కన్నాంబ, శాంతకుమారి, టంగుటూరి సూర్యకుమారి, ఎస్. వరలక్ష్మి అలా వచ్చినవాళ్లే. పాటను విడిగా రికార్డు చేసి, చిత్రీకరణలో పెదవులు కలిపే పద్ధతి వచ్చాక ఈ అవసరం తీరిపోయింది. అందం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయ్యాయి. 1950ల నాటికి తెలుగు తెరమీద హీరోయిన్ సొంతంగా పాడటం అరుదు. అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. హాంకాంగ్‌లో 1970ల నుంచి కాంటనీస్ పాటల యుగం మొదలైతే, అక్కడ పాటల తారలే సినిమా తారలు కూడా అయ్యారు. సామ్ హుయి, అనితా ముయ్, లెస్లీ చెయుంగ్ ఒక చేత్తో రికార్డులు, మరో చేత్తో సినిమాలు నడిపారు. వాళ్లకు తమ గొంతే తమ పెట్టుబడి. తెలుగులో ఆ పెట్టుబడిని చివరిదాకా చేజారనివ్వని పెద్ద తార భానుమతి ఒక్కరే. నేపథ్య గాయనుల కాలం వచ్చాక కూడా ఆమె పాత్రలకు ఆమే పాడారు. దీనివల్ల కళ సంగతెలా ఉన్నా, వ్యాపారంలో ఒక వెసులుబాటు దొరికింది. ఆమెను తీసేసి మరొకర్ని పెట్టుకుంటే నిర్మాత నటినీ గాయనినీ కూడా పోగొట్టుకుంటాడు.

రెండో బలం సొంత సంస్థ. కొడుకు పేరుమీద భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. 1948లో ‘రత్నమాల’తో మొదలైంది. మరుసటి ఏడు అక్కినేని నాగేశ్వరరావుతో తీసిన ‘లైలా మజ్ను’ తెలుగులోనూ తమిళంలోనూ ఆడింది. సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం, రామకృష్ణ దర్శకత్వం. తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో వెలిసింది. పిలుపు కోసం ఎదురుచూసే నటికీ, సొంత ఫ్లోరున్న నటికీ మాటతీరులో తేడా ఉంటుంది. ఆ తేడా అవతలివాళ్లకు పొగరుగా కనిపించింది.

1951 డిసెంబర్‌లో విడుదలైన ‘మల్లీశ్వరి’ ఈ దశలో శిఖరం. బుచ్చిబాబు ‘రాయల కరుణకృత్యం’ నుంచి తీసుకున్న కథకు మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి రాశారు. కోరాపుట్ కొండలు దిగితే వచ్చే సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు సంగీతం కూర్చారు. రాజేశ్వరరావు కూడా చిన్నప్పుడు పాడుతూ నటించినవారే. 1935 నాటి ‘శ్రీకృష్ణ లీలలు’లో బాలకృష్ణుడు ఆయన. పాడేవాళ్లకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుసు, నటించేవాళ్లకు చూపు ఎక్కడ నిలపాలో తెలుసు. రెండూ తెలిసిన స్వరకర్తా రెండూ తెలిసిన నాయికా కలిసిన సందర్భం ‘మల్లీశ్వరి’. వానరాత్రి సత్రంలో మల్లి ఆడిపాడుతుంటే మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు చూస్తాడు. బావ నాగరాజు పరాచికానికి, మల్లికి పల్లకి పంపమని ఆయనను అడుగుతాడు. పల్లకి నిజంగానే వస్తుంది, మల్లిని అంతఃపురానికి తీసుకుపోతుంది. ఆ తర్వాత సినిమా అంతా ఆ పరాచికం తాలూకు శిక్షే. రాణివాసపు వైభవం మధ్య బావకోసం కుమిలే పల్లెపిల్లగా భానుమతి నటనలో ఎక్కడా ఏడుపుగొట్టుతనం ఉండదు. గొంతులో దిగులే చాలనుకున్నారు. నాగరాజు ఎన్.టి. రామారావు. ఈ సినిమా చైనాకు వెళ్లి, చైనీస్ ఉపశీర్షికలతో 1953 మార్చిలో బీజింగ్‌లో విడుదలైంది.

1953లోనే ఆమె మరో పని చేశారు. ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. దర్శకత్వం ఆమెదే, ద్విపాత్రాభినయం ఆమెదే, పాటలూ ఆమెవే. తెలుగులో దర్శకత్వం చేసిన తొలి మహిళగా ఆమె పేరు చెబుతారు. సినిమా మధ్యలో సంగీత దర్శకుడు సుబ్బరామన్ చిన్న వయసులోనే చనిపోవడంతో మిగిలిన పనిని ఎం.ఎస్. విశ్వనాథన్ పూర్తిచేశారు. కళాఖండంగా ‘చండీరాణి’ని ఎవరూ నెత్తిన పెట్టుకోరు, రాజ్యం, కత్తి, కవల పిల్లల మామూలు జానపదం అది. మూడు భాషల యూనిట్లను ఒక ఆడమనిషి నడిపించడమే దాని గొప్ప. 1954లో వచ్చిన భరణీ వారి ‘చక్రపాణి’కి ఆమె సంగీత దర్శకత్వం కూడా చేశారు. అది మునిమనవడి కోసం తాపత్రయపడే పిసినారి తాత కథ. ఆ టైటిల్‌కూ తెనాలి చక్రపాణికీ సంబంధం లేదు. అదే ఏడాది వచ్చిన ‘విప్రనారాయణ’లో భక్తుణ్ణి వలలో వేసే దేవదేవిగా నటించారు. ఆ చిత్రానికి జాతీయ పురస్కారాల్లో ప్రశంసాపత్రం దక్కింది.

ఇక ‘మిస్సమ్మ’. విజయా సంస్థ నాగిరెడ్డి, చక్రపాణిలది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక జమీందారు ఇంట చేరే నిరుద్యోగుల కథ. అందులో మేరీ అనే క్రైస్తవ యువతి పాత్రకు భానుమతిని తీసుకున్నారు. రెండో కథానాయిక సావిత్రి. చిత్రీకరణ మొదలై నాలుగు రీళ్ల దాకా వచ్చింది. ఆ మధ్యలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పూజ ఉన్నందున ఉదయం రాలేనని, మధ్యాహ్నం వస్తానని భానుమతి కబురు పంపారు. ఆ కబురు చక్రపాణికి చేరలేదు. అంతా సిద్ధం చేసుకుని కూర్చున్న సెట్టుమీదికి ఆమె మధ్యాహ్నం వచ్చేసరికి ఆయన మండిపడ్డారు. క్షమాపణ రాసి ఇవ్వమన్నారు. ముందే చెప్పినప్పుడు క్షమాపణ ఎందుకన్నది భానుమతి ప్రశ్న. ఆయన ఊరుకోలేదు, ఈమె రాయలేదు. అప్పటిదాకా తీసిన నాలుగు రీళ్లను చక్రపాణి ఆమె కళ్లముందే తగలబెట్టించారని చెబుతారు. మేరీ పాత్ర సావిత్రికి వెళ్లింది, సావిత్రి పాత్ర జమునకు దక్కింది. మేరీ పాటలు పి. లీల పాడారు.

1955 సంక్రాంతికి ‘మిస్సమ్మ’ వచ్చింది. తెలుగులో అది ఎంతటి విజయమో చెప్పనక్కర్లేదు. తమిళంలో ‘మిస్సియమ్మ’గా కూడా ఆడింది. ఈ సినిమా సావిత్రిని అగ్రతారగా నిలబెట్టింది.

ఈ తగాదాలో తప్పెవరిదన్న చర్చ తెలుగు సినిమా ముచ్చట్లలో ఇప్పటికీ సాగుతూనే ఉంది. సంస్థ పక్షాన చూస్తే, స్టూడియోలో పూటకు పూట డబ్బు ఖర్చు. నటీనటులు, సాంకేతికులు, లైట్లు అన్నీ ఒక్కరికోసం ఆగాయి. విజయా వారికి క్రమశిక్షణ అంటే మతం. భానుమతి పక్షాన చూస్తే, ఆమె కబురు పెట్టకుండా రాలేదు. మధ్యలో ఎక్కడో చీటీ ఆగిపోతే శిక్ష ఆమెకెందుకు? అయితే ఇద్దరి సమానత్వమే అసలు చిక్కు. మరో నటి అయితే ఆ పూట క్షమాపణ రాసిచ్చి మేకప్ వేసుకునేది, ఎందుకంటే రేపటి తిండి అందులో ఉంది. భానుమతి కూడా స్టూడియో యజమానురాలే, నిర్మాతే. ఒక యజమాని ఇంకో యజమానికి క్షమాపణ పత్రం రాసిస్తే ఊరంతా తెలుస్తుంది. చక్రపాణి తగ్గినా అంతే. నాలుగు రీళ్ల ఫిల్మ్ కాలిపోవడం ఇద్దరికీ అంతకంటే చవకగా తోచింది.

నష్టం మాత్రం ఎక్కువగా భానుమతికే జరిగింది. మేరీ ముక్కుమీద కోపం ఉన్న పిల్ల, మాట పడనిది, లోపల మెత్తనిది. భానుమతి స్వభావానికి కొలిచి కుట్టినట్టున్న పాత్ర. దానికి ఆమె పాట కూడా కలిసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే. తర్వాతి కాలంలో దీని గురించి అడిగినవాళ్లతో ఆమె వగచలేదు. తనవల్ల సావిత్రి లాంటి గొప్ప నటి పరిశ్రమకు దొరికిందని సంతోషంగా చెప్పుకునేవారు. ఆ మాటలో ఉదారత ఉంది, రవ్వంత అతిశయమూ ఉంది.

తమిళంలో ఆమె వైభవం తెలుగుకు తీసిపోదు. శిక్ష రద్దై జైలు నుంచి బయటికొచ్చిన త్యాగరాజ భాగవతార్ ‘రాజముక్తి’లో ఆమె నటించారు. సి.ఎన్. అణ్ణాదురై రచన ‘నల్లతంబి’, జెమినీ వారి ‘అపూర్వ సహోదరర్గళ్’, ఎం.జి.ఆర్.తో ‘మలైక్కళ్లన్’, ‘అలీబాబావుం 40 తిరుడర్గళుం’, శివాజీ గణేశన్‌తో ‘రంగూన్ రాధ’ వరసగా వచ్చాయి. నటనకు వ్యాకరణం అనే అర్థంలో అణ్ణాదురై ఆమెకు ఇచ్చిన బిరుదు ‘నడిప్పుక్కు ఇలక్కణం’. ఆంధ్రదేశంలో పుట్టిన నటిని ద్రావిడ ఉద్యమ నాయకుడు అలా మెచ్చుకోవడం, ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల విభజన వేడి చల్లారని ఆ రోజుల్లో, చిన్న సంగతేమీ కాదు.

రెండో పెద్ద వివాదం అక్కడే జరిగింది. ఎం.జి.ఆర్. తొలిసారి దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ 1958లో విడుదలైంది. సొంత డబ్బు, సొంత సంస్థ, ద్విపాత్రాభినయం. పోతే సర్వం పోతుందన్న భయంతో ఆయన ఒక్కో సన్నివేశాన్ని తీసిందే మళ్లీ తీసేవారు. అప్పటికి దర్శకురాలిగా అనుభవమున్న భానుమతికి ఈ తంతు విసుగెత్తించింది. ఏం కావాలో తేల్చుకోకుండా తీయడమేమిటని మొహమాటం లేకుండా అన్నారు. మాటామాటా పెరిగింది. చివరికి ఆమె పాత్ర సినిమా మధ్యలోనే చనిపోతుంది. మిగతా సగం బి. సరోజాదేవి కథానాయికగా రంగుల్లో సాగుతుంది. చక్రపాణి రీళ్లు కాల్చారు, ఎం.జి.ఆర్. పాత్రను చంపారు. పద్ధతులు వేరు, జరిగింది దాదాపు ఒకటే. ‘నాడోడి మన్నన్’ కూడా ఘనవిజయమే.

అయితే ఈసారి తెగతెంపులు కాలేదు. 1960లో ‘రాజా దేసింగు’, 1963లో ‘కలై అరసి’, ‘కాంచీ తలైవన్’లలో ఎం.జి.ఆర్., భానుమతి మళ్లీ కలిసి నటించారు. ‘కలై అరసి’ కథ చిత్రమైనది. వేరే గ్రహంలో విజ్ఞానం ఉంది గానీ సంగీతం, నాట్యం లేవు. వాటిని నేర్పగల మనిషి కోసం ఆ గ్రహవాసులు భూమ్మీదికి వచ్చి, పాడే అమ్మాయిని ఎత్తుకుపోతారు. ఆ అమ్మాయి భానుమతి. గ్రహాంతరవాసులతో తీసిన తొలి భారతీయ చిత్రాల్లో ఇదొకటి. ఎం.జి.ఆర్. ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు భానుమతి ప్రిన్సిపాల్ అయ్యారు. పాత కోపాలను ఇద్దరూ మోసుకు తిరగలేదనుకోవాలి.

నలభై దగ్గర పడుతుంటే కథానాయికలు అమ్మ వేషాల్లోకి జారిపోతారు. భానుమతి జారిపోలేదు, పెద్దరికంలోకి ఎక్కారు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’లో రాణి మల్లమ్మ. బొబ్బిలి రాజు రంగారావుగా ఎన్.టి.ఆర్., తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు. సంగీతం మళ్లీ సాలూరి వారిదే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట నేలమట్టమైన ఈ కథ ఉత్తరాంధ్రకు ఇంటి కథ. రాయగడ నుంచి విజయనగరం పోయే రైలు బొబ్బిలి మీదుగానే వెళుతుంది. రాయగడ, బిస్సమ్ కటక్ వైపు తెలుగువాళ్లకు ఆ కోట కథ బుర్రకథల్లో విన్నది, రైలు కిటికీలోంచి చూసిన ఊరిది. మల్లమ్మకు తెరమీద దొరికిన ముఖం, గొంతు భానుమతివే అయ్యాయి. 1965లో జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైన ‘అంతస్తులు’లో ఆమె అల్లరిగా పాడిన పాట ఇప్పటికీ పాటల పోటీల్లో వినిపిస్తుంది. మరుసటి ఏడు ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ. రాజ్యం నడిపే ఆడమనిషిగా ఆమెను జనం తేలిగ్గా నమ్మారు, నమ్మించడానికి ఆమె కష్టపడాల్సిన పనిలేకపోయింది.

1974లో ఎన్.టి.ఆర్. స్వీయ దర్శకత్వంలో తీసిన ‘తాతమ్మ కల’లో భానుమతి తాతమ్మ. మల్లికి ఒకప్పటి బావ ఇందులో మనవడు. ఎన్.టి.ఆర్. కొడుకు బాలకృష్ణ తెరకు పరిచయమైన సినిమా కూడా ఇదే. కుటుంబ నియంత్రణ ప్రచారం ఊరూరా సాగుతున్న రోజుల్లో పిల్లలు ఎక్కువమంది ఉండటం తప్పేమిటని అడిగే సినిమా కావడంతో దుమారం రేగింది. అది ప్రధానంగా ఎన్.టి.ఆర్. వివాదం, ఆమెది కాదు. కానీ ఆ వాదన తెరమీద వినిపించింది ఆ తాతమ్మ నోటితోనే.

బాలకృష్ణకు తొలినాళ్లలో పెద్ద విజయం తెచ్చిన ‘మంగమ్మగారి మనవడు’ (1984)లో మంగమ్మ కూడా భానుమతే. కోడి రామకృష్ణ దర్శకుడు. తమిళంలో భారతీరాజా తీసిన ‘మణ్ వాసనై’ దీనికి మూలం. పల్లెటూరి అమ్మమ్మగా ఆమె తిట్లు, ఆజ్ఞలు, మనవడి మీద కారిపోయే ప్రేమ చూడటానికి జనం ఏడాదికి పైగా హాళ్లకు వచ్చారు. అరవై దగ్గరపడిన వయసులో అందులోనూ ఆమె పాట ఆమే పాడారు. ఈ ఏళ్లలో దర్శకత్వం కూడా వదల్లేదు. ‘అంతా మన మంచికే’ (1972), బాలలతో తీసిన ‘భక్త ధ్రువ మార్కండేయ’ (1982) ఆమెవే. భరణీ చిత్రాలన్నీ ఆడలేదన్నది కూడా చెప్పుకోవాలి. శరత్ నవల ఆధారంగా 1961లో తీసిన ‘బాటసారి’కి మంచి పేరు వచ్చింది, డబ్బు రాలేదు.

కలం పట్టినప్పుడు భానుమతి పూర్తిగా వేరే మనిషి. ‘అత్తగారి కథలు’లో అత్తగారు మడీ ఆచారమూ పాటించే, లోకం తెలియని, తన మాటే నెగ్గాలనుకునే పెద్దావిడ. కథ చెప్పేది కోడలు. కోడలు అత్తగారిని వెక్కిరించదు, ఎదిరించదు. పక్కన నిలబడి చూస్తూ, ముసిముసిగా నవ్వుకుంటూ మనకు చెబుతుంది. స్టూడియోలో ఎవరి మాటకూ తలవంచని మనిషి ఇంట్లో అత్తగారి చాదస్తానికి ఎలా తలవంచాలో హాస్యంగా రాయడం ఆమె పాఠకులకు పెద్ద ఆశ్చర్యం. మునిమాణిక్యం రాసిన కాంతం కథల్లో భర్త కళ్లతో భార్యను చూసిన తెలుగు పాఠకులకు ఇక్కడ ఆడవాళ్లిద్దరి మధ్య సంసారం కనిపించింది. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆత్మకథ ‘నాలో నేను’ 1993 సంవత్సరానికి సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం పొందింది.

1966లో పద్మశ్రీ, 1985లో రఘుపతి వెంకయ్య పురస్కారం, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. ఇన్ని రంగాల్లో పనిచేసిన మనిషికి పద్మశ్రీ నుంచి పద్మభూషణ్‌కు ముప్పై అయిదేళ్లు పట్టడం విచిత్రమే. కోడి రామకృష్ణ దర్శకత్వంలోనే 1998లో వచ్చిన ‘పెళ్లికానుక’ ఆఖరి సినిమా. 2005 డిసెంబర్ 24న చెన్నైలో ఎనభై ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన 2013లో తపాలా శాఖ విడుదల చేసిన బిళ్లల వరసలో ఆమె బొమ్మ కూడా ఉంది.